సాంచె తెలిసిన చేతికి ట్రాక్టరు లెక్క తెలియదా?

భీవండిలో మనవాళ్ల చెవులు మహా పదును. షెడ్డులో నలభై సాంచెలు ఒకేసారి కొడుతున్నా, అందులో ఒక్కటి తేడాగా మోగిందంటే ఆ మూల నుంచే పట్టేస్తారు. నాడె దెబ్బ వదులైందా, బెల్టు జారుతోందా, మోటారు వేడెక్కిందా అన్నది జాబర్ వచ్చేలోపే చెప్పేస్తారు. అదే మనిషి దసరాకు ఊరికెళ్లి లక్షలు పోసి ట్రాక్టరు కొనేటప్పుడు మాత్రం బానెట్ ఎత్తి కూడా చూడడు. రంగు చూస్తాడు. పక్కింటాయన కొన్నదాని కంటే పెద్దదా కాదా అని చూస్తాడు. షోరూంలో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకుంటాడు. లెక్క మాత్రం మొదటి కిస్తీ గడువు వచ్చాక మొదలవుతుంది.

పాత కరీంనగర్, నల్గొండ, వరంగల్ జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చి పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు భీవండి అన్నం పెట్టిన ఊరు. అయితే మరమగ్గాలకు మంచిరోజులు పోయి చాలాకాలమైంది. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్‌టీ, 2020లో లాక్‌డౌన్ ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. సాంచెలను తుక్కు కింద కిలోల లెక్కన అమ్ముకున్న యజమానులు ఉన్నారు. 'ఇగ ఊరికే పోదాం' అనుకునే కార్మికుడికి ముందుగా తట్టే ఆలోచనల్లో ట్రాక్టరు ఒకటి. సొంత చేను రెండు మూడెకరాలే అయినా, కిరాయికి తిప్పుకుంటే బతకొచ్చని ఆశ. తాము ఇక్కడే ఉండి, ఊళ్లో ఉన్న తమ్ముడికో కొడుక్కో కొనిచ్చేవాళ్లూ ఉన్నారు.

దీనికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ట్రాక్టరు టైర్లు, చాలా విడిభాగాలపై 18 నుంచి 5కు తగ్గింది. రైతుకు ఇది మేలే, కాదనలేం. కానీ ధర తగ్గినంత మాత్రాన పని లేని బండికి పని పుట్టదు. ట్రాక్టరు కొనొద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సాంచె దగ్గర చూపే తెలివిలో సగమైనా ట్రాక్టరు దగ్గర చూపమని అడగడమే ఉద్దేశం. ఎందుకంటే ఆ తెలివి మనకు కొత్తగా నేర్చుకోవాల్సింది కాదు, ఇప్పటికే చేతిలో ఉంది.

క్రాంకు రెండు చోట్లా ఒకటే

ఇంజను అనగానే మెకానిక్‌కు తప్ప ఎవరికీ అర్థంకాని వస్తువని భయపడేవాళ్లు సాంచెనే ఒకసారి గుర్తు చేసుకోవాలి. మోటారు క్రాంకు షాఫ్టును తిప్పుతుంది. ఆ తిరుగుడును క్రాంకు చేతులు ముందుకూ వెనక్కూ ఊగే ఊపుగా మార్చి, పన్నె బిగించిన పలకను కదిలిస్తాయి. ఇంజనులో ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను కనెక్టింగ్ రాడ్, క్రాంకు షాఫ్టు కలిసి తిరుగుడుగా మారుస్తాయి. సాంచెలో తిరుగుడు ఊపవుతుంది, ఇంజనులో ఊపు తిరుగుడవుతుంది.

ఇంకో పోలిక కూడా ఉంది. సాంచెలో పై షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది. నాడె ఒక పిక్కు ఇటు నుంచి, ఒక పిక్కు అటు నుంచి పోవాలి కాబట్టి పళ్ల చక్రాలు ఒకటికి రెండు లెక్కలో పెట్టారు. ఇంజనులోనూ అంతే. క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. ఎందుకంటే ఇంజను ఒక పూర్తి పని చేయడానికి పిస్టన్ నాలుగు సార్లు ఆడాలి. మొదటి సారి కిందికి దిగి గాలి పీలుస్తుంది. రెండోసారి పైకి వచ్చి ఆ గాలిని నొక్కుతుంది. మూడోసారి మంట పుట్టి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. నాలుగోసారి పైకి వచ్చి పొగను బయటికి నెడుతుంది. నాలుగింటిలో బలమిచ్చేది మూడోది ఒక్కటే. మిగతా మూడింటినీ నడిపించేది బరువైన ఫ్లైవీల్‌లో నిలిచిన ఊపు.

ఈ నాలుగు ఆటల ఇంజనును 1876లో జర్మనీలో నికోలస్ ఓటో నడిపి చూపించాడు. మంట పెట్టడానికి నిప్పురవ్వ అక్కర్లేని ఇంజనును అదే దేశంలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో పనిచేయించాడు. ఆయన పేరే మనం బంకులో రోజూ పలికే డీజిలు. పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. డీజిలు ఇంజను ముందు ఉత్త గాలినే పీల్చి, దాన్ని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కేస్తుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు కింది కొస వేడెక్కడం మనకు తెలిసిందే. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అప్పుడు ఇంజెక్టర్ సన్నని రంధ్రాల గుండా డీజిలును తుంపరగా చిమ్ముతుంది. తగలగానే భగ్గుమంటుంది. ట్రాక్టరుకు డీజిలే ఎందుకంటే, తక్కువ చుట్ల దగ్గర గట్టిగా గుంజే బలం దానికుంది. పైగా అంతే పనికి తక్కువ ఇంధనం తాగుతుంది.

నలభై హార్స్‌పవర్ అంటే ఎంత?

సాంచెకు బిగించే మోటారు సుమారు ఒక హార్స్‌పవర్. అంటే నలభై హార్స్‌పవర్ ట్రాక్టరు తెచ్చుకోవడమంటే నలభై సాంచెల షెడ్డును నడిపే బలాన్ని ఇంటి ముందు నిలబెట్టుకోవడమే. నలభై సాంచెలు పెట్టేముందు సేఠ్ ఎన్ని లెక్కలు వేస్తాడు? నూలు దొరుకుతుందా, గుడ్డ పోతుందా, కరెంటు బిల్లు ఎంత, బీములు ఆగకుండా వస్తాయా అని పదిసార్లు చూసుకుంటాడు. మనం మాత్రం 'నలభై ఐదు తీసుకుందాం, యాభై అయితే ఇంకా ఇజ్జత్ ఉంటది' అనుకుంటాం.

బోనెట్ మీద రాసే హార్స్‌పవర్ ఇంజనుది. అదంతా పనికి అందదు. రోటవేటర్‌ను తిప్పే వెనక షాఫ్టు, అంటే పీటీఓ దగ్గరికి వచ్చేసరికి కొంత తగ్గుతుంది. నాగలిని లాగే దగ్గర ఇంకా తగ్గుతుంది. బురద మడిలో చక్రం జారితే మరికొంత నేలపాలు. కాబట్టి అడగాల్సింది ఇంజను హార్స్‌పవర్ ఒక్కటే కాదు, పీటీఓ హార్స్‌పవర్ ఎంత అని కూడా. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు మోడళ్లను అక్కడ పరీక్షించి బలం ఎంత, డీజిలు ఎంత తాగింది అన్నది నివేదికలో రాస్తారు. షోరూంలో టీ తాగుతూ ఆ నివేదిక చూపించమని అడిగితే పోయేదేమీ లేదు.

మామూలుగా అయిదడుగుల రోటవేటర్‌కు 35 నుంచి 40 హార్స్‌పవర్ సరిపోతుంది. ఆరడుగులదైతే 45 నుంచి 50 కావాలి. నేల నల్లరేగడా, చల్కనా అన్నదాన్ని బట్టి కొంత మారుతుంది. ఊళ్లో ఉన్నవి చిన్న చిన్న చెలకలైతే యాభై హార్స్‌పవర్ బండి మలుపు తిరగడానికే సగం చేను తొక్కుతుంది. చిన్న పనికి పెద్ద ఇంజను వాడితే బలం మిగిలిపోతుంది కానీ డీజిలు మిగలదు. రెండెకరాల కూరగాయల తోటకు పవర్ టిల్లరో, చిన్న ట్రాక్టరో చాలు.

సాంచెకు ఏడు వేల గంటలు, ట్రాక్టరుకు ఎన్ని?

అసలు తేడా ఇక్కడుంది. భీవండిలో సాంచె పన్నెండు గంటల చొప్పున రెండు షిఫ్టులు కొడుతుంది. వారానికో రోజు సెలవు తీసేసినా ఏడాదికి ఏడు వేల గంటలు దాటుతుంది. యంత్రమంటే ఎప్పుడూ నడిచేదని మన బుర్రలో స్థిరపడిపోయింది. ట్రాక్టరు అలా కాదు. వానాకాలం నాట్ల ముందు కొన్నాళ్లు, యాసంగిలో కొన్నాళ్లు రాత్రింబవళ్లు పని ఉంటుంది. మిగతా రోజుల్లో చెట్టు కింద నిలబడుతుంది. పని ఉన్న రోజుల్లో ఊళ్లోని ట్రాక్టర్లన్నింటికీ ఒకేసారి పని ఉంటుంది. లేని రోజుల్లో ఎవరికీ ఉండదు.

వ్యవసాయ ఇంజినీర్లు ట్రాక్టరు ఆయుష్షును మామూలుగా 10 ఏళ్లు, 10 వేల గంటలుగా లెక్క కడతారు. అంటే ఏడాదికి వెయ్యి గంటలు. ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. ఆరు లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుంటే ఏడాదికి కిస్తీలు లక్షా 60 వేల రూపాయలు. బండి ఏడాదికి వెయ్యి గంటలు నడిస్తే గంట మీద పడే కిస్తీ భారం 160 రూపాయలు. 600 గంటలే నడిస్తే 267 రూపాయలు. 300 గంటలకు పడిపోతే 533 రూపాయలు. డీజిలు, డ్రైవరు, మరమ్మతు ఇంకా లెక్కలోకి రాలేదు. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు మధ్యరకం పనిలో గంటకు అయిదు లీటర్లకు అటూ ఇటూ తాగుతుంది. లీటరు వందకు చేరువైన రోజుల్లో అది ఇంకో అయిదు వందలు. మీ ఊళ్లో గంట కిరాయి ఎంతో మీకు తెలుసు. దాన్ని ఈ అంకెల పక్కన రాసుకుని చూడండి. ఎన్ని గంటల పని దొరుకుతుందో ముందే ఊళ్లో ఆరా తీయకుండా బండి కొంటే, ఆ తేడాను భీవండిలో రాత్రి షిఫ్టు చేసే మనిషి తన పీస్ రేటులోంచి పూడ్చాలి. బీము లేక ఆగిన సాంచెకు కనీసం వడ్డీ భారం సేఠ్‌ది. ఆగిన ట్రాక్టరు వడ్డీ భారం మనదే.

దూది తెలిసినవాడికి దుమ్ము తెలియాలి

మరమ్మతు ఖర్చులో చాలా భాగం ఆపగలిగేదే. రెండున్నర లీటర్ల ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకోసారి కడుపు నిండా గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి దాదాపు రెండున్నర వేల లీటర్లు. ఎండిన చేనులో దున్నేటప్పుడు ఆ గాలంతా దుమ్మే. ఎయిర్ క్లీనర్ మూసుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు. చిరిగితే దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులనూ లైనర్‌నూ ఆకురాయిలా అరగదీస్తుంది. షెడ్డులో దూది పేరుకుంటే సాంచె ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. దుమ్ము పనిలో ఉన్నప్పుడు రోజూ ఎయిర్ క్లీనర్ చూడాలి. ఆయిల్ రకమైతే గీత దాకా ఆయిల్ ఉందా, బురదలా మారిందా చూడాలి.

పొగ కూడా మాట్లాడుతుంది. పని భారం పెరిగినప్పుడు కాసేపు నల్లగా రావడం మామూలే. ఎప్పుడూ నల్లగా వస్తుంటే గాలి చాలకనో, డీజిలు ఎక్కువై కాలకనో, బండికి మించిన పని పెట్టడం వల్లనో అని అర్థం. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ లోపల కాలుతోంది, రింగులు చూపించుకోవాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే డీజిలు సరిగ్గా మండడం లేదనో, నీళ్లు చేరుతున్నాయనో అనుమానించాలి.

ఇంజెక్టర్ డీజిలును మామూలు గాలి ఒత్తిడికి సుమారు రెండు వందల రెట్ల ఒత్తిడితో చిమ్ముతుంది. డ్రమ్ములో నిల్వ ఉన్న మురికి డీజిలు పోస్తే మొదట పాడయ్యేది అదీ, పంపే. కిరోసిన్ కలిపి పొదుపు చేద్దామనుకుంటే మొదటికే మోసం. పంపు లోపలి భాగాలకు జిడ్డు అందించేది డీజిలే, కిరోసిన్‌కు ఆ గుణం తక్కువ. ట్రాక్టరుకు కిలోమీటర్లు కాదు, గంటల మీటరు ముఖ్యం. ఆయిల్, ఫిల్టర్లు ఎన్ని గంటలకు మార్చాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాసి మడ్‌గార్డు మీద అతికించమని ఊళ్లో నడిపేవాడికి చెప్పండి. కొనేటప్పుడే తెలుగు పుస్తకం అడగండి. తెలంగాణలో వేలకు వేలు ట్రాక్టర్లు అమ్మేవాళ్లకు తెలుగులో నాలుగు పేజీలు అచ్చువేయడం పెద్ద భారం కాదు.

ప్రాణం ముందు

పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. లుంగీ అంచో, చీర కొంగో, మెడలో తువ్వాలో అందుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఇవ్వదు. షాఫ్టులు, బెల్టుల మధ్య తిరిగే మనకు ఈ భయం తెలుసు. ఊళ్లో పిల్లలకు తెలియదు. షాఫ్టు మీది కవరు తీసేయకూడదు. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు గొలుసును వెనక ఇరుసు పైన కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. కింది కొక్కేనికే కట్టాలి.

ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది దాకా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లు. భీవండిలో ఎంతోమంది సొంత ఊళ్లు ఆ చుట్టుపక్కలవే. ఆ దుఃఖం ఇంకా మరచిపోలేదు. అయినా ఇప్పటికీ పెళ్లికీ, జాతరకూ, నాట్లకూ ట్రాలీలు నిండుతూనే ఉన్నాయి. ప్రమాదం జరిగితే బీమా పరిహారానికీ చిక్కులొస్తాయి.

మనం చేయగలిగింది

ట్రాక్టరు మనకు పరాయి వస్తువేమీ కాదు. 1963లో మహీంద్రా వాళ్లు అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల సంస్థ పెట్టింది మన ముంబయిలోనే. కాందివలీ ఫ్యాక్టరీ భీవండికి ఎంతో దూరం లేదు. 2013లో అదే కంపెనీ జహీరాబాద్‌లో ఇంకో ఫ్యాక్టరీ తెరిచింది. షోలాపూర్ మీదుగా ఊరికెళ్లే మన బస్సులు తెలంగాణలో అడుగుపెట్టగానే తగిలే పట్టణం అదే. అంటే తయారయ్యే చోటుకూ, దున్నే చోటుకూ మధ్య దారిలో తిరుగుతున్నది మనమే.

భీవండిలో తెలుగు సంఘాలకు కొదవ లేదు. పండగలు, పెళ్లి పరిచయాలు, విద్యార్థులకు సన్మానాలు ఘనంగా చేస్తున్నారు. దసరాకు జనం ఊళ్లకు బయల్దేరే ముందు ఒక్క ఆదివారం ట్రాక్టరు మెకానిక్‌ను, బ్యాంకు లెక్కలు తెలిసిన మనిషిని పిలిచి పూటపాటు చెప్పించలేమా? ఊళ్లో నడపబోయే కుర్రాడిని అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత యంత్రాల శిక్షణ సంస్థకు పంపితే, నడపడమే కాదు, నిర్వహణ కూడా నేర్పుతారు. లక్షల అప్పు చేసేవాళ్లకు కొన్ని రోజుల చదువు ఎక్కువేమీ కాదు.

ఇంకో మాట. ఊళ్లో అన్నదమ్ములు, దాయాదులు నలుగురూ నాలుగు ట్రాక్టర్లు కొని ఒకరి కిరాయి ఒకరు తగ్గించుకునే బదులు, ఒక్కటి కొని నలుగురూ వాడుకోవచ్చు. చేనేత సహకార సంఘాలు నడిపిన కులానికి ఇది కొత్త పాఠం కాదు. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలకు సాయం చేసే కేంద్ర పథకం 2014-15 నుంచి ఉంది. మండల వ్యవసాయాధికారిని అడిగితే ఈ ఏడాది ఏం దొరుకుతుందో చెబుతారు.

కొనాలనుకున్నవాళ్లు కొనండి. కానీ సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోండి. ఏడాదికి ఎన్ని గంటల పని ఖాయంగా ఉంది? ఆ పనికి ఎన్ని హార్స్‌పవర్లు చాలు? ఊళ్లో దాన్ని చూసుకునేది ఎవరు, వాడికి ఏం తెలుసు? మూడింటికీ జవాబు దొరకకపోతే ఈ దసరాకు ఆగండి. ఒక సీజను కిరాయి ట్రాక్టరుతో దున్నించుకుని, గంటలు రాసుకుని, వచ్చే దసరాకు మళ్లీ లెక్క చూడండి. షోరూం ఎక్కడికీ పోదు.